మహారాజశ్రీ పదో నంబరు ప్రమాద సూచిక గారికి

మహారాజశ్రీ పదో నంబరు ప్రమాద సూచిక గారికి,
రేవు కార్యాలయం, బందరు.

నమస్కారములు. ఉభయకుశలోపరి. తమరు తుపాను హెచ్చరికగా రేవు స్తంభం ఎక్కకుండా కింద విశ్రాంతి తీసుకుంటున్నంతకాలం మేమంతా క్షేమం. మేం క్షేమంగా ఉన్నంతకాలం తమరిని తలుచుకునే తీరిక మాకుండదు. ఈ ఒప్పందం ఏటా మే నెలలో ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకోసారి తెగుతుంటుంది కాబట్టి, వాయుగుండాలేవీ లేని రోజు చూసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాకు తమరు కొత్తవారేం కాదు. రేడియో రోజుల్లో ప్రాంతీయ వార్తల్లో తమ కుటుంబానికి హాజరు వేసేవారు. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం. మా ఊరి పేరు రాగానే అందరం చెవులు రిక్కించడం, "ఒకటో నంబరేనటలే" అని మళ్లీ పనుల్లో పడటం ఇంటి ఆచారం. ఇప్పుడు టీవీ అడుగున ఎర్ర అక్షరాల్లో పరుగెడుతున్నారు. ఒకటి అంటే ఛానెల్ మారుస్తాం. మూడు అంటే మేడ మీద బట్టలు తీస్తాం. ఏడు అంటే పకోడీలకు ఉల్లిపాయలు తరుగుతాం. సాక్షాత్తూ తమరే వేంచేశారంటే మాత్రం బండి తీసుకుని మంగినపూడి బీచికి పోతాం, అలలు ఎంతెత్తు లేస్తున్నాయో ఫోన్లో తీసి అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపించడానికి. 2022లో అసని తుపానప్పుడు శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి ఒడ్డుకు ఎక్కడిదో బంగారు రంగు రథం కొట్టుకొచ్చింది కదా, అప్పటినుంచీ ఈ షికారుకు కాస్త భక్తి కూడా తోడైంది.

పోలీసులు లాఠీ పట్టుకుని వెనక్కి తోస్తే, "ఏం కాదులెండి సార్, మేం లోకల్" అంటాం. ఉప్పెనకు ఆధార్ కార్డు చూపిస్తే వదిలేస్తుందని మా నమ్మకం.

నిజానికి తమరు పుట్టింది మాకోసం కాదు, ఓడల కోసం. పగలైతే శంకువులూ స్తూపాలూ, రాత్రయితే ఎర్ర దీపాలూ తెల్ల దీపాలూ. ఓడ కెప్టెను దూరం నుంచే చూసి, ఏం చేయాలో తేల్చుకోవడానికి పెట్టిన సంజ్ఞలు. ఆయన దగ్గర వాటి అర్థాల పట్టిక ఉంటుంది. మా దగ్గర లేదు. అందుకని మేం తమరిని స్లిప్ టెస్టు మార్కుల్లా చదువుకున్నాం. పదికి పది వస్తే భయపడాలి, తొమ్మిదొస్తే ఫర్లేదు, ఎనిమిదొస్తే ఇంకా ఫర్లేదు.

ఆ పట్టిక ప్రకారం చూస్తే ఎనిమిది, తొమ్మిది, పది ముగ్గురిదీ ఒకటే హోదా: మహా ప్రమాదం. తేడా తుపాను బలంలో కాదు, అది పోయే దారిలో. తీవ్ర తుపాను దారికి రేవు ఎడమపక్కన పడితే ఎనిమిది. కుడిపక్కన పడితే తొమ్మిది. సరిగ్గా రేవు మీదుగానో ఆ దగ్గర్లోనో పోతే తమరు. ఐదు, ఆరు, ఏడుగార్లదీ అదే వరస, కాకపోతే కాస్త చిన్న తుపానుకు. మన తీరంలో ఈ ఎడమా కుడీ మామూలు సంగతి కాదు. తుపాను గాలి గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందువల్ల దారికి కుడిపక్కన సముద్రాన్ని ఎత్తి నేల మీదికి తోస్తుంది, ఎడమపక్కన నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. 1977 నవంబరు 19న తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. దివిసీమ దానికి కుడిపక్కన పడింది. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ల మీదికి లేచిన ఉప్పెనలో పోయినవాళ్లు పదివేలకు పైమాటే. అంటే "పది కాదట, తొమ్మిదేనట" అని మేం ఊపిరి పీల్చుకుని దుప్పటి కప్పుకునే ఆ తొమ్మిదో నంబరుగారు ఉప్పెన దగ్గరికొచ్చేసరికి తమరికేమీ తీసిపోరు. ఏళ్ల తరబడి నంబరు చదివినవాళ్లు ఒక్కసారి ఈ ముక్క కూడా చదివి ఉంటే వాళ్ల గొంతేం పోయేది?

తమ వంశంతో మాకు చుట్టరికం ఉంది, అందుకే ఇంత చనువు. 1864 అక్టోబరులో కలకత్తాను తుపాను ముంచింది. నెల తిరక్కముందే, నవంబరు 1న, మా బందరును ఉప్పెన ముంచింది. 30 వేల మంది పోయారని లెక్క. మరుసటి ఏడాదే కలకత్తా రేవులో తుపాను హెచ్చరికలు మొదలయ్యాయి. మా ఊరివాళ్ల చావుల్లోంచి కూడా పుట్టినవారు తమరు. మాకు మాత్రం వరసకు దూరపు చుట్టంలాగే మిగిలిపోయారు.

న్యాయం మాట్లాడాలి కాబట్టి ఇదీ చెప్తాను. ఇవాళ తుపాను పేరు, దారి, తీరం దాటే వేళ ముందే తెలుస్తున్నాయి. ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయిస్తున్నారు. వేలల్లో పోయే ప్రాణాలు పదుల్లోకి దిగాయి. ఆ కష్టం వాతావరణ శాఖవాళ్లది, రాత్రంతా జీపుల్లో తిరిగే తహసీల్దారు ఆఫీసు మనుషులది. మా ఇంటి గడప లోపల మాత్రం 1977కీ ఇప్పటికీ తేడా ఒక్క ఫోను చార్జరు.

ఇంటికి నంబరు ఎవరూ ఇవ్వలేదు గనక మా సూచికలు మేమే కట్టుకున్నాం. వీధి చివర పచారీ కొట్టులో కొవ్వొత్తులు అయిపోతే ఒకటో నంబరు. ఒక్కో ఇంటికీ ఆరేసి పాల ప్యాకెట్లు నడిచిపోతుంటే మూడో నంబరు. పెట్రోలు బంకు లైను రోడ్డెక్కితే ఏడు. కరెంటు పోయాక చీకట్లో "మోటారు వేశావా?" అని మొగుడూ పెళ్లాం ఒకరినొకరు అడగడం మహా ప్రమాదం.

అప్పుడు టార్చిలైటు వెతుకుతాం. దొరకదని కాదు, దొరుకుతుంది. ఫ్రిజ్ మీద, పోయినేటి శుభలేఖల వెనక. మూత తిప్పితే తిరగదు. గుడ్డ పెట్టి బలంగా తిప్పితే కిర్రుమని ఊడి వస్తుంది. లోపల సెల్లు ఉబ్బిపోయి గొట్టానికి అతుక్కుని ఉంటాయి. స్ప్రింగు చుట్టూ పచ్చగా తుప్పు, వేలికి అంటుకునే తెల్లటి పొడి. పోయిన తుపానుకు వేసి, తుపాను పోగానే తియ్యడం మరిచిన సెల్లు అవి.

ఇక కాగితాల సంగతి. మంచం కింద ట్రంకుపెట్టె. అట్టడుగున పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి దస్తావేజు, పిల్లల సర్టిఫికెట్లు. వాటి మీద పెళ్లి పట్టుచీర, ఆ పైన దుప్పట్లు. నీళ్లొస్తే ముందు ఏది తడవాలో ఆ వరసలోనే సర్దాం. మరి అటక మీద ఏమున్నాయి? ఇత్తడి బిందెలు, రాగి గంగాళం, రాతి రుబ్బురోలు పొత్రం. వారం రోజులు నీళ్లలో నానినా చెక్కుచెదరని సొత్తంతా నెత్తికి అందని ఎత్తులో భద్రం. ఇన్వర్టరు బ్యాటరీ నేల మీద, అత్తగారి ఇన్సులిను కరెంటు లేని ఫ్రిజ్ తలుపులో. ఒక ప్లాస్టిక్ సంచిలో కాగితాలు, వారానికి సరిపడా మాత్రలు, అటుకులు, బెల్లం, ఒక క్యాను మంచినీళ్లు పెట్టుకోవడానికి అరపూట పట్టదు. ఆ అరపూట మాకు జూన్‌లో దొరకదు, సెప్టెంబరులో దొరకదు. టీవీలో తుపాను కన్ను తిరుగుతూ కనిపించాక దాన్ని చూడటానికైతే పూటలకు పూటలు దొరుకుతాయి.

అందరిదీ బద్ధకమే అంటే అన్యాయం. జీపు వచ్చి "షెల్టరుకు పదండి" అంటే కదలని పెద్దాయనకు గేదె ఉంటుంది. గేదెను షెల్టరు మెట్లెక్కించే పథకం ఏ కాగితంలోనూ ఉండదు. పైగా ఆ షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో కనుక్కునేసరికి తుపాను ఒడిశా వైపు తిరిగిపోయి ఉంటుంది, "చెప్పానా, ఏం కాదని" అనే మాట ఆయన నోట్లో ఇంకో పదేళ్లకు సరిపడా గట్టిపడి ఉంటుంది.

రేవు లేనివాళ్ల గతి వేరే. 2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్‌లోకి బుడమేరు వాగు వచ్చింది. అవతల ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ మర్నాటికి 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది, ఇవతల వీధిలో కార్లు తేలుతున్నాయి. పడవల మీద, డ్రోన్ల మీద అన్నం పొట్లాలు వచ్చాయి. అక్కడ తమరి స్తంభమూ లేదు, దీపమూ లేదు. ఆ కాలనీల్లో ఇల్లు కొన్నవాళ్లు వాస్తు అడిగారు, వాటా అడిగారు, పార్కింగ్ అడిగారు. వాగు ఎటుందని అడిగినవాళ్లు ఎందరో!

ఇప్పుడు అసలు విన్నపం. తమ తరవాత ఇంకొకాయన ఉన్నారు, పదకొండో నంబరు. ఆయన పేరు వార్తల్లో దాదాపుగా వినపడదు. ఆయన తుపాను బలం చెప్పరు, దారీ చెప్పరు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ప్రమాదం ఉందని ఇక్కడి అధికారే సొంతంగా నిర్ణయించారు అని ఆయన అర్థం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వెళ్లాక విశాఖలో ఫోన్లు మూగబోయి, ఏటీఎంలు చచ్చి, కరెంటు రోజుల తరబడి రాకుండా పోయినప్పుడు ప్రతి ఇంటి మీదా ఎగిరింది ఆ పదకొండే. జిల్లా కంట్రోల్ రూము 1077కు ఫోన్ చేద్దామన్నా ఫోను ఉండాలి కదా.

కాబట్టి దయచేసి పదకొండో నంబరుగారిని డిప్యుటేషన్ మీద మా వీధికి పంపించగలరు. బస, భోజనం మా ఇంట్లోనే. ఆయన వచ్చేలోగా సొంతంగా నిర్ణయం తీసుకునే స్థానిక అధికారి ఒకరు ఇంటింటికీ కావాలి. మా ఇంట్లో ఆ పోస్టుకు నాన్నగారు దరఖాస్తు పెట్టారు. అర్హత: దివిసీమ ఉప్పెన కళ్లారా చూశారు. అమ్మ అభ్యంతరం చెప్పింది. బీరువా తాళాలు ఎక్కడుంటాయో తెలియని మనిషి సర్టిఫికెట్లు ఎలా బయటికి తెస్తాడని ఆవిడ ప్రశ్న. ఫైలు పెండింగులో ఉంది.

ఇట్లు,
తమ దూరపు చుట్టం,
బందరు