విటమిన్ ఎ, జ్ఞాపకశక్తి: వెనుకటి టపాకు సవరణ

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు పాఠకులను ఉద్దేశించి మునుపు రాసిన టపాలో ‘విటమిన్ ఎ జ్ఞాపకశక్తిని పెంచుతుంది’ అన్న వాక్యం ఉంది. పరీక్షల ముందు పిల్లలకు గుళికలు వేయవచ్చా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నందున, ఆ వాక్యాన్ని ఇలా మార్చి చదువుకోవాలని కోరుతున్నాను: విటమిన్ ఎ లోపిస్తే జ్ఞాపకశక్తి దెబ్బతినవచ్చు, లోపం లేనివారికి అదనంగా ఇస్తే అది పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు.

ఈ విటమిన్ నుంచి శరీరం తయారుచేసుకునే రెటినోయిక్ ఆమ్లం, మెదడులో కొత్త జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో జన్యువుల పనిని నియంత్రిస్తుంది. విటమిన్ ఎ అందని ఎలుకల్లో అక్కడి నాడీకణాల అనుసంధానాలు బలపడే గుణం తగ్గిందనీ, తిరిగి అందిస్తే కోలుకుందనీ ప్రయోగాల్లో తేలింది. ఇది లోపాన్ని సరిదిద్దడమే తప్ప, ఆరోగ్యవంతుల తెలివిని పెంచడం కాదు.

మోతాదు మించితే ఈ విటమిన్ కాలేయంలో పేరుకుపోయి తలనొప్పి, వాంతులు కలిగించవచ్చు. గర్భిణులు అధిక మోతాదులో తీసుకుంటే బిడ్డకు అవకరాలు రావచ్చు. ప్రభుత్వ కార్యక్రమంలో పిల్లలకు 9 నెలల వయసులో 1 లక్ష యూనిట్లు, ఆపైన 5 ఏళ్ల వరకు 6 నెలలకొకసారి 2 లక్షల యూనిట్లు ఇస్తారు. సిరప్ సీసాతో వచ్చే చెంచాలో సగం గీత వరకు పోస్తే 1 లక్ష. అంత గాఢమైన మందును ఇంట్లో అంచనాగా పోయకూడదు.

సంతలో దొరికే మునగాకు, తోటకూర, గుమ్మడి, బొప్పాయిలలోని బీటా కెరోటిన్‌ను శరీరం అవసరం మేరకే మార్చుకుంటుంది కనుక మోతాదు మించే భయం లేదు. ఆకుకూరను కాస్త నూనెతో వండితే అది బాగా ఒంటబడుతుంది. పిల్లలకు ఈ విటమిన్ లోపానికి గుర్తయిన రేచీకటి ఉన్నట్టు అనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించాలి.