సవరణ: ముందు రాయి విరుగుతుంది, ఆ తర్వాతే ఇసుక వస్తుంది

మెత్తని ఇసుకరాతి చమురు బావుల గురించి ఇంతకుముందు ‘ప్రవాహ వేగం వల్లే ఇసుక వస్తుంది, చోక్ (బావి ప్రవాహాన్ని నియంత్రించే కవాటం) తగ్గిస్తే ఆగిపోతుంది’ అని రాశాం. అది తప్పు. ముందు రాయి విరగాలి. ప్రవాహం ఆ రేణువులను మోసుకొస్తుంది, అంతే. పై పొరల బరువు మారదు కదా, రిజర్వాయర్ (చమురున్న రాతిపొర)లోని ద్రవ పీడనం తగ్గేకొద్దీ అందులో రేణువులు మోయాల్సిన వాటా పెరుగుతుంది. పర్ఫొరేషన్ (చమురు బావిలోకి రావడానికి రాతిలోకి చేసిన రంధ్రం) గోడ దగ్గర ఒత్తిడి రాతి బలాన్ని దాటగానే గోడ పెచ్చులూడుతుంది. అందుకే ఏళ్లతరబడి శుభ్రంగా పారిన బావి కూడా అదే చోక్ మీద ఇసుక పోయవచ్చు. నీరు తోడైతే రేణువుల మధ్య పట్టు ఇంకా సడలుతుంది. చోక్ తగ్గిస్తే కొంత గడువు దొరుకుతుంది. మళ్లీ తెరిచేటప్పుడు మెల్లగా, అంచెలంచెలుగా తెరవండి.

ఇసుకను ఆపడానికి బావిలో నింపే గ్రావెల్ (గులక) సైజు కూడా సరిచేసుకోండి: ఇసుక మధ్యస్థ వ్యాసానికి 10 రెట్లు కాదు, 5–6 రెట్లు. 0.12 మి.మీ. ఇసుకకు 0.60–0.72 మి.మీ. పది రెట్లయితే ఇసుక గ్రావెల్ సందుల్లోకి దూరి పూడ్చేస్తుంది.