జిప్పు నోట్లో గుడ్డ

కొండ, నడక, గుడారం వేసుకోవడం, వంట, అవన్నీ బాగానే జరిగాయి, వదిలేయండి. అసలు సంగతి రాత్రి రెండింటికి మొదలైంది. స్లీపింగ్ బ్యాగ్ జిప్పు గుడ్డను కరిచి పట్టేసింది. నేను లోపలున్నాను. నాకు అర్జంటుగా ఒంటేలుకు వెళ్లాలి.

సాయంత్రం సంగతి ఒక్కటి చెప్పకపోతే ఇందులో నవ్వడానికి ఏముందో తెలీదు. తోటివాళ్లందరినీ కూర్చోబెట్టి, చలికి ఏం వేసుకోవాలో గంటసేపు ఉపన్యాసం దంచింది నేనే. ఎవరూ అడగలేదు. ఒకడి కాటన్ బనీను పట్టుకుని, "ముందు ఇది విప్పు" అన్నాను. నూలు చెమటను పీల్చి దాచుకుంటుంది, ఎంతకీ ఆరదు. నీళ్లు గాలికంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తాయి. అందుకని ఒంటికి ఆనుకుని పల్చటి మెరీనో ఉన్నిదో పాలిస్టర్‌దో ఒకటి, దానిమీద ఫ్లీస్ అనే మెత్తటి బొచ్చు బట్ట, ఆపైన ఈదురుగాలినీ వాననూ ఆపే జాకెట్. నడక మొదలుపెట్టేటప్పుడు కాస్త చలిగానే ఉండాలి. వెచ్చగా బయల్దేరినవాడు పావుగంటలో చెమటతో తడుస్తాడు, ఆగగానే వణుకుతాడు. ఇంకొకడు రెండు జతల మందపాటి సాక్సులు తొడిగి, వాటిమీద బూట్లు బలవంతాన ఎక్కిస్తున్నాడు. "వేళ్లు ఆడుతున్నాయా?" అని అడిగాను. ఆడట్లేదు. వేళ్లు ఆడని బూటులో రక్తమూ సరిగా ఆడదు, అప్పుడు ఎన్ని జతలు తొడిగినా దండగే. చలికాలం బూట్లు కొనేటప్పుడు వేసుకోబోయే సాక్సులతోనే కొలత చూడాలి, అర సైజో ఒక సైజో పెద్దది తీసుకోవాలి. రాత్రి బూట్లు బయట వదలకూడదు. తడి ఉంటే పొద్దున్నకి గడ్డకట్టి కర్రలవుతాయి. ఒక సంచిలో కట్టి గుడారం లోపలే పెట్టుకోవాలి.

అందరూ తలూపారు. ఆ తలూపు చూసి ఒళ్లు మరిచి, చివర్లో ఒక మాట విసిరాను. "అన్నిటికంటే ముఖ్యం, ఇరుకు స్లీపింగ్ బ్యాగ్‌లోకి లావు జాకెట్‌తో దూరకండి!"

మాట తప్పు కాదు. వెచ్చదనం బాతు నూగులో ఉండదు, ఆ నూగు బంధించి పెట్టే గాలిలో ఉంటుంది. నూగు ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకెను ఫిల్ పవర్ అంటారు; 800 ఫిల్ పవర్ నూగు 28 గ్రాములు విప్పారితే సుమారు 13 లీటర్ల చోటు నింపుతుంది. చారెడు బరువు కూడా ఉండదు, బిందె నింపేస్తుంది. దాన్ని నలిపితే గాలి పోతుంది, గాలి పోతే వెచ్చదనమూ పోతుంది. ఒంటిని అంటిపెట్టుకునే బ్యాగ్‌లోకి ఉబ్బు జాకెట్‌తో దూరితే జాకెట్ బ్యాగ్‌ను లోపలినుంచి తోస్తుంది, బ్యాగ్ జాకెట్‌ను బయటినుంచి నొక్కుతుంది, మధ్యలో ఇద్దరి నూగూ అప్పడమవుతుంది. లోపల చోటుంటే పర్వాలేదు. లేకపోతే జాకెట్‌ను దుప్పటిలా పైన కప్పుకోవడమే నయం. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే, రాత్రి పన్నెండింటికి జాకెట్ వేసుకుని దూరాను.

ఎందుకంటే ఆ లేబుల్. ఇక్కడ నాకు కడుపు మండుతుంది, కాస్త ఓపిక పట్టండి. నా బ్యాగ్ మీద దూరంనుంచి కూడా కనబడేంత అక్షరాలతో "మైనస్ 20" అని ఉంది. అమ్మినతను ఆ అంకె మీద వేలుపెట్టి, "మీరు మంచులో పడుకున్నా చెమట పడుతుంది సార్" అన్నాడు. లోపలి కుట్టు దగ్గర, చీమ తలకాయంత అక్షరాలతో మూడు అంకెలున్నాయి: కంఫర్ట్ 2, లిమిట్ మైనస్ 4, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 20. వీటికి ఐఎస్ఓ 23537 అనే ప్రమాణం ఉంది, అంతకు ముందు యూరప్‌లో ఈఎన్ 13537 ఉండేది. లోపల వేడి పుట్టించే బొమ్మ మనిషికి లోదుస్తులూ సాక్సులూ తొడిగి, చాప మీద బ్యాగ్‌లో పడుకోబెట్టి చల్లటి గదిలో కొలుస్తారు. కంఫర్ట్ అంటే 25 ఏళ్లు, 60 కిలోలు, 160 సెంటీమీటర్ల ఆడమనిషి కాళ్లు చాపుకుని హాయిగా పడుకోగల చలి. లిమిట్ అంటే 25 ఏళ్లు, 73 కిలోలు, 173 సెంటీమీటర్ల మగమనిషి ముడుచుకుని, వణుకు మొదలవకుండా ఎలాగోలా నెట్టుకురాగల చలి. మరి ఎక్స్‌ట్రీమ్? ఆ అంకె దగ్గర ఆ ఆడమనిషి ఆరు గంటలపాటు ప్రాణంతో ఉంటుంది. అంతే. నిద్ర పడుతుందని ఎవరూ అనలేదు. వేళ్లు కొయ్యబారవని కూడా అనలేదు. పెద్ద అక్షరాలతో అచ్చువేసింది ఈ అంకె! వంతెన ముందు బోర్డు మీద "ఎన్ని టన్నులకు కూలుతుంది" అని రాసి, దాన్నే లారీలకు హద్దుగా చూపినట్టుంది. కొనేవాడు చూడాల్సింది కంఫర్ట్ అంకె ఒక్కటే. అది కూడా మీరు వెళ్లే చోటి రాత్రి చలికంటే అయిదు డిగ్రీలు తక్కువదైతే మేలు, ఎందుకంటే ఆకలీ అలసటా లేబుల్‌కు తెలీవు. నేనూ నలుగురికీ చెప్పే మాట ఇదే. నాది కొన్న రోజు మాత్రం పెద్ద అంకె చూసి మురిసిపోయాను.

ఆ రాత్రి బయట మైనస్ 3. అంటే కంఫర్ట్ దాటి అయిదు డిగ్రీలు. దానికి తోడు కింద పరుపు. ఒంటి బరువుకి బ్యాగ్ అడుగునున్న నూగు ఎలాగూ చదునైపోతుంది, కాబట్టి నేలకీ వీపుకీ మధ్య అడ్డం పరుపే. దాని అడ్డు ఎంతో చెప్పేది ఆర్-వాల్యూ. 2018లో ఏఎస్‌టీఎమ్ ఎఫ్3340 అనే కొలత వచ్చాక ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చే వీలు దొరికింది. గడ్డకట్టిన నేలకు 4, 5 ఉండాలి. ఒకదానిమీద ఒకటి వేస్తే రెండు అంకెలూ కలుస్తాయి, కాబట్టి గాలిపరుపు కింద ఫోమ్ చాప ఒకటి పరిస్తే సరిపోతుంది. నా గాలిపరుపు విలువ 2. ఫోమ్ చాప బరువని తేలేదు. పక్కనున్నవాడు, పొద్దున కాటన్ బనీనుతో వచ్చిన వాడే, రెండు చాపలు పరుచుకుని గుర్రు పెడుతున్నాడు.

సరే, రెండింటికి వద్దాం. చలిలో ఒంటేలు ఎక్కువ వస్తుంది. చేతులూ కాళ్లలో రక్తనాళాలు ముడుచుకుపోయి రక్తం నడిమి భాగానికి చేరుతుంది, అక్కడ ఒత్తిడి పెరుగుతుంది, అది చూసి మూత్రపిండాలు నీళ్లు ఎక్కువయ్యాయేమో అనుకుని బయటకు తోలేస్తాయి. శరీరం కూడా లేబుల్ లాగే తప్పు లెక్క వేస్తుందన్నమాట.

జిప్పు కిందకి లాగాను. జానెడు దిగింది, ఆగింది.

జిప్పు వెనకాల, దాని పొడవునా, నూగు నింపిన గొట్టం లాంటి గుడ్డ ఒకటి ఉంటుంది. పళ్ల సందుల్లోంచి చలిగాలి రాకుండా అది అడ్డు. మంచి ఆలోచనే. కానీ ఆ గుడ్డ ఉల్లిపొర లాంటిది, జిప్పు పళ్ల మీద జారే రన్నర్‌కు దాన్ని చూస్తే నోరూరుతుంది. అసలే లోపల ఉబ్బు జాకెట్ ఆ గొట్టాన్ని తోసి తోసి తిన్నగా రన్నర్ నోటికి అందించింది. ఇలాంటప్పుడు చేయాల్సింది ఏమిటంటే: బలవంతం చేయకూడదు, రన్నర్‌ను వచ్చిన దారినే వెనక్కి, వెంట్రుకవాసి జరపాలి, రెండో చేత్తో గుడ్డను పళ్లకు అడ్డంగా, పక్కకు, బిగువుగా లాగాలి, మళ్లీ వెంట్రుకవాసి, మళ్లీ పక్కకు. అసలు జిప్పు వేసేటప్పుడూ తీసేటప్పుడూ రన్నర్ వెనక ఒక వేలుపెట్టి గొట్టాన్ని పక్కకి తప్పిస్తూ పోతే ఈ గొడవే ఉండదు.

ఇది చదవడానికి బాగుంటుంది. చీకటి. రెండో చెయ్యి జాకెట్‌తో సహా నడుము దగ్గర ఇరుక్కుపోయింది. మొదటి చేతికి గ్లోవు. తలముసుగు తాడు బిగించుకున్నాను కనుక కనబడేది ముక్కు ఒక్కటే. ఆ తాడు వదులు చేసే స్ప్రింగు బుడిపె చెవి దగ్గరెక్కడో ఉంది, గ్లోవుతో నొక్కితే అది నొక్కుకోదు, జారుకుంటుంది. హెడ్‌లైట్ లోపలే ఉంది, నా వీపు కింద. ఇంతటి జ్ఞాని ఏం చేయాలి? రన్నర్‌ను పట్టుకుని కిందకి ఒక్క గుంజు గుంజాడు. ఇంకో రెండంగుళాల గుడ్డ నోట్లోకి పోయింది. పైకి గుంజాడు. కదల్లేదు. ఇప్పుడు జిప్పు నోట్లో గుడ్డ, నా నోట్లో తిట్లు.

దొర్లి చూశాను. గాలిపరుపు మీంచి జారి పక్కవాడి మీద పడ్డాను.

"ఏంట్రా?"

"జిప్పు పట్టేసింది."

వాడు లైటు వేశాడు. ముక్కు నుంచి కిందదాకా తీరిగ్గా చూశాడు. "లోపల అంత లావుందేంటి?"

"ముందు జిప్పు సంగతి చూడరా."

"జాకెట్టా?"

"..."

"దూరకండి అన్నది నువ్వేగా?"

"ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను, చేతులు బయటికొస్తే."

వాడు చేసిన పని తెలివైనదేనని ఒప్పుకోవాలి. పైనున్న రన్నర్ జోలికే పోలేదు. ఇలాంటి బ్యాగ్‌లకు జిప్పు అడుగున రెండో రన్నర్ ఉంటుంది, వేడెక్కితే పాదాలకు గాలి తగలడానికి. దాన్ని కిందనుంచి మోకాళ్లదాకా తెరిచాడు. రెండు కాళ్లూ బయటికి వచ్చాయి. తక్కినదంతా, నడుమూ చేతులూ తలా, లోపలే. లేవదీసి నిలబెట్టాడు. చేతుల్లేని, ముక్కు మాత్రమే ఉన్న, మోకాళ్లదాకా ఊదారంగు గౌను తొడుక్కున్న ఆకారం ఒకటి గుడారం గుమ్మంలో నిలబడింది. బూట్ల కోసం చూశాను. సంచిలో కట్టి లోపల పెట్టుకోవాలని చెప్పిన బూట్లు బయటే ఉన్నాయి, గట్టిగా కర్రల్లా, నాలుకలు వెనక్కి మడిచి బిగుసుకుపోయి. పాదం మడమ దగ్గర ఆగిపోయింది. వాడి బూట్లిచ్చాడు. అవి వెచ్చగా ఉన్నాయి. వేళ్లు ఆడాయి.

ఆ తర్వాతి మూడు నిమిషాల గురించి రాయను.

తిరిగొచ్చాక వాడు పళ్లు నూరుకుంటూ కాదు, నవ్వుకుంటూనే, వెంట్రుకవాసి వెనక్కి, గుడ్డ పక్కకి, అలా అయిదు నిమిషాల్లో విడిపించేశాడు. ఎక్కడ నేర్చుకున్నావురా అంటే, "సాయంత్రం నువ్వు చెప్పావుగా" అన్నాడు. చెప్పానట. నాకు గుర్తులేదు. గుడ్డ మీద రూపాయి బిళ్లంత చిరుగు, దాంట్లోంచి నూగు. ఊపిరి పీల్చినప్పుడల్లా ముక్కులోకి ఒకటి. ప్లాస్టరు వేశాను, గుండ్రంగా కత్తిరించి, మూలలుంటే ఊడిపోతాయి.

లేబుల్ ఊడదీద్దామని పొద్దున్న కత్తెర తీశాను. కుట్టు గట్టిగా ఉంది. బ్యాగ్ మొత్తంలో గట్టిగా కుట్టింది అదొక్కటే.

ఆ రాత్రి వీడియో 46 సెకన్లట. నేను చూడలేదు.