చుట్టపుచూపుగా వస్తే బెల్‌ఫాస్ట్ వెళ్లొచ్చు, కాపురముంటే కుదరదు

వేసవి పిక్నిక్ మాట రాగానే, ఇక్కడ ఐర్లండ్‌లో మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ఉత్తర ఐర్లండ్‌లోని జెయింట్స్ కాజ్‌వే రాళ్ల తీరం ఫొటో పెడతారు. బస్సు మాట్లాడుకుంటే పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చంటారు. వీసా సంగతేమిటని అడిగితే, "అక్కడ ఎవరూ చూడరులెండి" అని జవాబు.

చూడరన్నది చాలావరకు నిజమే. డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్ రెండు గంటల దారి. సరిహద్దు ఊరు డండాక్ దాటాక గేటూ లేదు, చెక్‌పోస్టూ లేదు. రోడ్డు అంచున పసుపు గీత తెల్లబడుతుంది, బోర్డుల మీద కిలోమీటర్లు మైళ్లవుతాయి, ఫోన్‌కి కొత్త నెట్‌వర్క్ మెసేజ్ వస్తుంది. అంతే, యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌లోకి వచ్చేసినట్టే. అయితే ఐర్లండ్, బ్రిటన్‌ల మధ్య 1920ల నుంచి నడుస్తున్న ఉమ్మడి రాకపోకల ఏర్పాటు, కామన్ ట్రావెల్ ఏరియాలో స్వేచ్ఛగా తిరిగే హక్కు ఐరిష్, బ్రిటిష్ పౌరులది. మన ఐఆర్‌పీ కార్డు (ఐరిష్ రెసిడెన్స్ పర్మిట్) ఐర్లండ్‌లో ఉండటానికి ఇచ్చింది మాత్రమే. భారత పాస్‌పోర్టుతో ఉత్తర ఐర్లండ్‌లో అడుగుపెట్టాలంటే బ్రిటిష్ వీసా ఉండాల్సిందే.

పోనీ అటువైపు యూరప్‌కి వెళదామంటే అక్కడా ఈ కార్డు చెల్లదు. జర్మనీలో ఉంటున్న మనవాళ్లు అక్కడి రెసిడెన్స్ కార్డూ పాస్‌పోర్టూ జేబులో పెట్టుకుని ప్యారిస్ రైలెక్కేస్తారు. ప్రతి 180 రోజుల్లో 90 రోజుల దాకా మిగతా షెంగెన్ దేశాల్లో, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల్లో, తిరగొచ్చు. మనం అదే ప్యారిస్‌కి 90 యూరోలు కట్టి, వేలిముద్రలిచ్చి, స్లాట్ కోసం కాచుక్కూర్చోవాలి. ఐర్లండ్ షెంగెన్‌లో చేరకపోవడానికి ముఖ్య కారణం ఉత్తరాన ఉన్న ఈ సరిహద్దును తెరిచి ఉంచుకోవాలనే. అందులో తప్పుపట్టడానికేమీ లేదు, ఈ గడ్డ మీద జరిగిన రక్తపాతం తెలిసినవాళ్లెవరూ మళ్లీ అక్కడ గేటు పెట్టమని అడగరు. కానీ ఆ దారి కోసం ప్యారిస్‌ని వదులుకున్న దేశంలో ఉంటూ మనకి ప్యారిసూ లేకపోయింది, ఆ దారీ లేకపోయింది.

ఇంతవరకు సర్దుకుపోవచ్చు. నాకు మింగుడుపడనిది ఇంకొకటుంది. 2015 నుంచి భారతీయ సందర్శకులకు బ్రిటిష్ ఐరిష్ వీసా స్కీమ్ నడుస్తోంది. ఇండియాలో దరఖాస్తు చేసుకున్న అమ్మానాన్నల ఐరిష్ విజిట్ వీసా మీద "బీఐవీఎస్" అని ముద్ర ఉంటే, ముందు డబ్లిన్‌లో దిగి ఇమిగ్రేషన్ పూర్తి చేసుకున్నాక వాళ్లు దర్జాగా బెల్‌ఫాస్ట్ వెళ్లి టైటానిక్ మ్యూజియం చూసి రావచ్చు. వాళ్లని కార్లో తీసుకెళ్లాల్సిన కొడుక్కి మాత్రం వీల్లేదు. ఏళ్ల తరబడి ఇక్కడ పన్ను కడుతున్నాడు, అడ్రస్ మొదలు జీతం దాకా అతని వివరాలన్నీ ప్రభుత్వం దగ్గరున్నాయి. అయినా సరే, నెల రోజులకని వచ్చినవాళ్ల మీద ఉన్న నమ్మకం అతని మీద లేదు!

ఒకే ఇంట్లోనూ అందరికీ ఒకే లెక్క ఉండదు. పుట్టేనాటికి తల్లిదండ్రుల్లో ఒకరు గత నాలుగేళ్లలో మూడేళ్లు చట్టబద్ధంగా ఇక్కడ నివసించి ఉంటే బిడ్డకు ఐరిష్ పౌరసత్వం వస్తుంది. అక్క గుంటూరులో పుట్టి, తమ్ముడు డబ్లిన్‌లో పుడితే, స్కూలువాళ్లు బెల్‌ఫాస్ట్ టూర్ పెట్టినప్పుడు తమ్ముడు బస్సెక్కుతాడు, అక్కకి వీసా కావాలి. పదహారేళ్లు నిండని పిల్లకు ఐఆర్‌పీ కార్డు కూడా ఉండదు. ఆ పిల్లకు ఏం చెప్పి ఆపుతాం?

ఐర్లండ్ వాయవ్య కొసన ఉన్న డొనెగాల్ జిల్లా వాళ్ల అవస్థ మరీ విడ్డూరం. అక్కడి లెటర్‌కెన్నీ ఊరి నుంచి డబ్లిన్‌కి మామూలు దారి స్ట్రబేన్, ఒమా మీదుగా పోతుంది, అంటే ఉత్తర ఐర్లండ్ లోంచి. వాళ్లు వెళ్లేది ఐర్లండ్‌లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికే అయినా, వీసా లేనివాళ్లు స్లైగో మీదుగా చుట్టూ తిరిగి రావాలి. దాదాపు గంట ఎక్కువ పడుతుంది.

ఎవరూ చూడరులెమ్మని వెళ్లిపోవడం దీనికి మందు కాదు. గార్డాలు (ఐరిష్ పోలీసులు) బస్సుల్లో, రైళ్లలో అప్పుడప్పుడు కాగితాలు అడుగుతూనే ఉంటారు, అదీ ఎక్కువగా మనం తిరిగి వచ్చేటప్పుడు. అనుమతి లేదని తెలిసీ ప్రవేశించడం బ్రిటన్ చట్టంలో నేరం. రేపు సిటిజన్‌షిప్ దరఖాస్తులో సత్ప్రవర్తన చూస్తారు, వీసా ఫారాల్లో ఇమిగ్రేషన్ నిబంధనలు ఉల్లంఘించారా అని అడుగుతారు. ఒక పిక్నిక్ కోసం ఈ టెన్షన్ ఎందుకు? సంఘం పేరుతో బస్సు కడితే ఆ బాధ్యత సంఘానిదీ అవుతుంది. కాబట్టి, అందరి దగ్గరా వీసాలున్నాయని తేలేదాకా కాజ్‌వేని మన జాబితా నుంచి తీసేయాలి. బ్రిటిష్ విజిట్ వీసా ఫీజు 2025 ఏప్రిల్‌లో 127 పౌండ్లయింది, ఆ లెక్కన నలుగురున్న ఇంటికి 508. ఒక పగటి రాళ్ల దర్శనానికి అంత పెట్టమని నేనైతే ఎవరికీ చెప్పలేను.

"ఐదేళ్లు ఆగితే సిటిజన్‌షిప్ వస్తుంది కదా" అని సర్దిచెప్పేవాళ్లున్నారు. భారత పాస్‌పోర్టు వదులుకోవడం ఇష్టం లేనివాళ్లూ మనలో ఉన్నారు, వాళ్లనీ లెక్కలోకి తీసుకోవాలి. పైగా ఐదేళ్లంటే పిల్లల స్కూలు చదువులో సగం.

మనం అడగాల్సింది పెద్ద కోరికేమీ కాదు. సందర్శకులకిచ్చిన ఆ ముద్రే ఐఆర్‌పీ ఉన్నవాళ్లకీ, వాళ్ల పిల్లలకీ ఇమ్మనడమే. అందుకు రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి, ఒక ఉత్తరంతో అయ్యే పని కాదు. అయినా మలయాళీలకూ ఇదే ఇబ్బంది ఉంది, ఫిలిప్పీన్స్ నర్సులకూ ఉంది. వాళ్ల సంఘాలతో కలిసి ఒకే ఉత్తరం తయారుచేసి, ఎవరి నియోజకవర్గంలోని టీడీకి (ఐరిష్ పార్లమెంటు సభ్యుడికి) వాళ్లు పంపితే మొదలుపెట్టినట్టవుతుంది. ముసాయిదా రాయడానికి నేను సిద్ధం. సరిహద్దు జిల్లాలైన డొనెగాల్, మోనహన్, కావన్‌లలో ఉంటున్నవాళ్లు తమ అనుభవాలు మన సంఘం కమిటీకి రాసి పంపితే ఉత్తరానికి బలం వస్తుంది.