నివాళికి వదిన దిద్దుబాటు

2023 డిసెంబరు. మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటి వెళ్ళిపోయింది, కోనసీమ రోడ్ల మీద తడిసిన ధాన్యం ఆరబోసి ఉంది. అమలాపురం దగ్గరి ఒక ఇంట్లో జరిగిన వాదన ఇది. వదిన డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మరిదికి రైసుమిల్లు ఉంది. నవంబరు 29న నూరేళ్ళు నిండి చనిపోయిన అమెరికా మాజీ విదేశాంగ మంత్రి హెన్రీ కిసింజర్ మీద వర్తకసంఘం వార్షిక సంచికకు ఒక పేజీ నివాళి రాసి, భాష దిద్దమని ఆమె దగ్గరికి తెచ్చాడు. నేను వదిన పక్షం, దాచను. అయినా మరిది వేసిన దెబ్బలు కొన్ని గట్టిగానే తగిలాయి.

వదిన: భాషకేమీ లోటు లేదు. రెండు మూడు చోట్ల దీర్ఘాలు పోయాయి, పెట్టాను. కానీ నూరేళ్ళ జీవితంలో 1971 అనే సంవత్సరమే లేకుండా పోయిందేమిటి?

మరిది: ఇచ్చింది ఒక్క పేజీ వదినా, అందులోనే ఫోటో. అమెరికాకు చైనాతో మాటలు కలిపాడు, సోవియట్లతో క్షిపణుల ఒప్పందం కుదిర్చాడు, నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాడు. ముఖ్యమైనవన్నీ ఉన్నాయి. అయినా పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మన మర్యాద కాదా?

వదిన: ఆ మర్యాద పరామర్శకు వెళ్ళినప్పుడు. కిసింజర్ ఇంటివాళ్ళెవరూ మీ సంచిక చదవరు, మన పిల్లలు చదువుతారు. 1971 మార్చిలో పాకిస్తాన్ సైన్యం అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని ఢాకాలో సొంత పౌరుల మీదే విరుచుకుపడింది. అక్కడి అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ ఏప్రిల్ 6న వాషింగ్టన్‌కు ఒక టెలిగ్రాం పంపాడు. తమ అమెరికా ప్రభుత్వమే నైతికంగా దివాలా తీసిందని అందులో రాశారు. ఇరవై మంది అమెరికన్ ఉద్యోగులు సంతకాలు చేశారు. దానికి వచ్చిన ఫలితం, బ్లడ్‌ను ఢాకా నుంచి వెనక్కి పిలిపించడం. కోటిమంది శరణార్థులు మన దేశంలోకి వచ్చి పడ్డారు. డిసెంబరులో మనకూ పాకిస్తాన్‌కూ యుద్ధం జరుగుతుంటే నిక్సన్, కిసింజర్ కలిసి ఎంటర్‌ప్రైజ్ అనే విమానవాహక నౌకను బంగాళాఖాతంలోకి పంపారు. అంతర్వేదిలో నిలబడితే మనకు కనిపించే సముద్రమే అది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది విశాఖ రేవు బయటే. ఇదేదో దూరదేశపు గొడవ అన్నట్టు నువ్వు వదిలేశావు.

మరిది: కాదనను. కానీ ఆ నౌక ఒక్క గుండు కూడా పేల్చలేదు. ఇక చైనాకు దారి చూపించినవాడు పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్. జూలైలో కిసింజర్ రహస్యంగా చైనా వెళ్ళింది పాకిస్తాన్ నుంచే. రెండు అణ్వస్త్ర దేశాలు మాట్లాడుకోకుండా ఉంటే ప్రపంచానికి ఎంత ప్రమాదం? రాజ్యం నడిపేవాడికి అన్నీ మంచి దారులే దొరకవు. 1973లో అరబ్బులకూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం జరిగాక ఆయన కైరోకూ జెరూసలేంకూ డమాస్కస్‌కూ కాళ్ళరిగేలా తిరిగాడు. ఈజిప్టు, ఇజ్రాయెల్ మళ్ళీ యుద్ధం చేసుకోలేదు. చచ్చినవాళ్ళ లెక్క మీరు వేస్తున్నారు. చావు తప్పినవాళ్ళ లెక్క ఎవరు వేస్తారు?

(ఈ ప్రశ్నకు వదిన వెంటనే జవాబు చెప్పలేదు. ఎవరు మాత్రం చెప్పగలరు?)

వదిన: ఆ మాట ఒప్పుకుంటాను, అది నివాళిలో ఉండాలి. కానీ దానివల్ల కాంబోడియా చెరిగిపోదు. 1969 మార్చి నుంచి అక్కడ రహస్యంగా బాంబులు వేశారు. తమ పార్లమెంటుకు తెలియకూడదని సైనిక రికార్డుల్లో వేరే చోటు రాయించారు.

మరిది: ఆయన ఒక్కడే చేశాడా? అధ్యక్షుడు నిక్సన్. పోనీ, మనవాళ్ళ సంగతి చూడండి. 2019లో మన ప్రధాని ఢిల్లీలో ఆయనను కలిశారు. మొన్న జూన్‌లో మన ప్రధానికి అమెరికా విదేశాంగ శాఖ ఇచ్చిన విందులో నూరేళ్ళ కిసింజర్ కూర్చున్నాడు. దెబ్బ తిన్న దేశమే మరిచిపోయాక, అమలాపురంలో మనం తవ్వుకోవడం ఎందుకు?

వదిన: దెబ్బ తిన్నది ఢాకా. ఆ మాఫీ చేసే హక్కు మనకెక్కడిది? ఇక విందుల సంగతి. నా కోపం కిసింజర్ మీద కన్నా ఆ విందుల మీదే ఎక్కువ. పదవి దిగేనాటికే ఆయనకు అమెరికాలో అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చారు. 2016లో ఒబామా ప్రభుత్వపు రక్షణశాఖ ఇంకో పురస్కారం ఇచ్చింది. ఈ ఏడాది నూరో పుట్టినరోజు వేడుకకు ఇప్పటి విదేశాంగ మంత్రి వెళ్ళాడు. ఎన్నికలప్పుడు ఒకరి ముఖం ఒకరు చూడని రెండు పార్టీలూ ఆ బల్ల దగ్గర కలిసి కూర్చుంటాయి. ఎందుకని? వాళ్ళలో ప్రతివాడికీ ఒక ఇరాక్ ఉంది, ఒక డ్రోన్ దాడుల ఫైలు ఉంది. ఈ పెద్దాయనను కోర్టుకు లాగనిస్తే రేపు తమ వంతు వస్తుంది. అందుకే ఆయన మెడలో దండ వేస్తారు. 2001లో పారిస్‌లో ఆయన హోటల్లో ఉండగా, అమెరికా అండ ఉన్న చిలీ సైనిక పాలనలో మాయమైన ఫ్రెంచి పౌరుల కేసులో ఒక న్యాయమూర్తి సమన్లు పంపాడు. ఆయన హాజరు కాకుండానే ఊరు దాటాడు, జవాబు ఎంబసీ చెప్పింది. ఫోను సంభాషణల రాతప్రతులు కూడా తన సొంతమని చెప్పి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పెట్టించి, ఎవరూ చూడకుండా షరతులు రాయించాడు. నీ గుమాస్తా మిల్లు ఖాతా పుస్తకాలు పట్టుకెళ్ళి ఇంట్లో దాచుకుంటే, అతనికి శాలువా కప్పుతావా?

మరిది: నా గుమాస్తా సంగతి వదిలేయండి. శాలువాలంటే గుర్తొచ్చింది, ధవళేశ్వరం మాటేమిటి? కాటన్ దొర ఈస్టిండియా కంపెనీ జీతగాడు. కరువులో గుంటూరు జనం మాడి చచ్చిన కాలంలో మనల్ని ఏలింది ఆ కంపెనీయే. ఆనకట్ట కట్టించింది మన మీద ప్రేమతో కాదు, శిస్తు పెరుగుతుందని. మరి ఊరూరా ఆయన విగ్రహాలు, గోదావరిలో మునిగి ఆయన పేరిట అర్ఘ్యం.

వదిన: కాటన్‌ను తెచ్చి కిసింజర్ పక్కన నిలబెడతావా? ఆయన కట్టింది ఆనకట్ట! 1852 నుంచి మన అన్నం దాని చలవే. రైళ్ళకు పోసే డబ్బు కాలువలకు పెట్టమని తన పైవాళ్ళతోనే కొట్లాడాడు. 1878లో పార్లమెంటు సంఘం ముందు కూర్చుని ప్రశ్నలకు జవాబులు చెప్పాడు.

మరిది: శిస్తు కోసం కట్టారా, లేదా?

వదిన: శిస్తు కోసమే ఒప్పుకున్నారు. కాటన్ కూడా లాభం లెక్కలు చూపించే ఒప్పించాడు.

మరిది: మరి ఆయన వెంట ఉండి పనులు నడిపించిన వీణెం వీరన్నకు ఎన్ని విగ్రహాలున్నాయి? తెల్లదొరకేమో ఊరికొకటి!

వదిన: వీరన్నకు అన్యాయం జరిగింది. అందులో నాకు పేచీ లేదు. కానీ విగ్రహాలు పెట్టింది ఎవరో చూడు. కాలువ కింద అన్నం తిన్న రైతులు చందాలు వేసుకుని పెట్టారు. బాంబులు పడిన కాంబోడియా ఊరివాళ్ళు కిసింజర్‌కు విగ్రహం పెట్టనీ, మొదటి చందా నాదే.

(కాటన్ మీద ఇంకా చాలాసేపు నడిచింది. మెట్టకు నీళ్ళు రాకపోవడం దాకా వెళ్ళి, కాఫీలు వచ్చాక ఆగింది. ఆ గ్లాసు చేతిలో పట్టుకునే మరిది అసలు దెబ్బ వేశాడు.)

మరిది: సరే, దొరలను వదిలేద్దాం. ఇందిరమ్మ. 1971లో బంగ్లాదేశ్‌ను గెలిపించింది ఆమెనే. 1975లో ఎమర్జెన్సీ పెట్టి జనాన్ని జైళ్ళలో కుక్కింది కూడా ఆమెనే. ఢిల్లీ విమానాశ్రయానికి ఆమె పేరే. మీ కొలబద్ద ఇక్కడ పెట్టండి.

వదిన: ఆమె జనం ముందుకు వెళ్ళింది. 1977లో రాయ్‌బరేలీలో ఓడింది. ఎమర్జెన్సీ మీద విచారణకు షా కమిషన్ కూర్చుంది, తప్పులు రాసింది. కిసింజర్ ఏనాడూ ఓటు అడగలేదు.

మరిది: ఆ 1977లోనే మన రాష్ట్రంలో 42 సీట్లలో 41 ఆమె పార్టీకి వేశాం వదినా. మూడేళ్ళకు మళ్ళీ ప్రధాని అయింది, కేసులన్నీ వీగిపోయాయి. లెక్క చెప్పడమంటే అదేనా?

వదిన: ...కాదు. విమానాశ్రయానికి ఆ పేరు పెట్టకూడదని అప్పుడే అన్నాను.

మరిది: ఎవరితో?

వదిన: మీ అన్నయ్యతో.

మరిది: (నవ్వుతూ) ఆయన విని ఢిల్లీకి కబురు చేసే ఉంటాడు.

వదిన: వెటకారం చాలు. ఇందిర విషయంలో నేను మొహమాటపడ్డాను, నిజమే. నా మొహమాటం నీ నివాళికి సమాధానం కాదు కదా. ఆ టెలిగ్రాం పంపిన బ్లడ్ సంగతి రాయి. అతను 2004లో చనిపోయాడు. మరుసటి ఏడాది ఢాకాలోని అమెరికన్ సెంటర్ లైబ్రరీకి అతని పేరు పెట్టారు. చూడటానికి బతికి లేడు.

మరిది: 1971 పేరా పెడతాను, బ్లడ్‌తో సహా. ఈజిప్టు సంగతి కూడా కలుపుతాను. కానీ నోబెల్ మాత్రం తీయను.

వదిన: తీయమనలేదు. అది వియత్నాం యుద్ధం ఆపే ఒప్పందానికి ఇచ్చిన బహుమతి. అవతలి పక్షం వియత్నాంకు చెందిన లె డక్ థోకు కూడా కలిపి ఇచ్చారు, శాంతి రాలేదని ఆయన పుచ్చుకోలేదు. బహుమతి కమిటీలో ఇద్దరు రాజీనామా చేశారు. అవి కూడా చేర్చు.

మరిది: మొత్తం ఒక్క పేజీయే వదినా! ఎక్కడ పట్టించమంటారు?

వదిన: ఫోటో చిన్నది చెయ్యి.