సవరణ: కొరియన్ బ్యాక్‌డ్యాష్ వేగం గురించి కాదు
టెక్కెన్ 8 ఫైటింగ్ గేమ్‌లో కొరియన్ బ్యాక్‌డ్యాష్ (వెనక్కి వేసే డ్యాష్‌ని, అంటే చిన్న దూకుడుని, మధ్యలో తెంపుతూ వరుసగా వేసి ప్రత్యర్థికి దూరం జరగడం) గురించి మొన్న రాసిన పోస్టులో "వెనక్కి టకటకా నొక్కుతూ పోండి" అన్న వాక్యం తీసేసి ఇది చదవండి. వెనక్కి నొక్కాలి, వదలాలి, మళ్లీ వెనక్కి నొక్కాలి, డ్యాష్ మొదలవగానే వేలిని కింద-వెనక మూలకి జార్చితే డ్యాష్ మధ్యలోనే తెగుతుంది, అక్కడి నుంచి వెనక్కి వచ్చి, ఒక్క క్షణం వదిలి, మళ్లీ వెనక్కి. ఆ వదలడమే కీలకం. ఎంవీపీ కాలనీలో మా వాళ్లు ఆడుతుంటే చూశాను, కింద-వెనక మూల నొక్కడం దాకా అందరూ బాగానే చేస్తున్నారు, తర్వాత వేలు ఎత్తట్లేదు, దాంతో క్యారెక్టర్ వెనక్కి నడుస్తోందే గానీ డ్యాష్ రావట్లేదు. ప్రాక్టీస్ మోడ్‌లో ఇన్‌పుట్ డిస్‌ప్లే (నొక్కినవి తెరపై చూపించేది) పెట్టుకుంటే తేడా వెంటనే కనిపిస్తుంది. కుడివైపు నిలబడితే దిశలు తారుమారవుతాయి, అటు కూడా విడిగా సాధన చేయండి. వెనక గోడ ఉంటే మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, పక్కకి తప్పుకోండి.