ఫ్లూయిడ్ మెకానిక్స్ సప్లీకి ఇంట్లోనే సెంటర్

మన ఇంజనీరింగ్ చదువుల నాణ్యత గురించి కమిటీలు వేయడం ఇక ఆపేయొచ్చు, పరిష్కారం నా దగ్గర ఉంది. పరీక్ష ముందు రాత్రి ఆల్ ఇన్ వన్ తిరగేసి ఫ్లూయిడ్ మెకానిక్స్ గట్టెక్కిన ప్రతి బీటెక్ పట్టభద్రుడి చేతా ఒక ఉప్పునీటి ఆక్వేరియం పెట్టించాలి. దాని సంపు కూడా అతగాడే కట్టాలి. రెడీమేడ్‌ది కొంటే చెల్లదు.

సెల్లార్‌లో ఒక సంపు ఉండగా మూడో అంతస్తులో ఇంకొకటి దేనికని అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు అడుగుతారు. ఆయనకు ఓపికగా చెప్పాలి. చేపలున్న ట్యాంకులో అంచు దాకా వచ్చిన నీళ్లు పైపులోంచి స్టాండు లోపల ఉన్న రెండో గాజు ట్యాంకులోకి వాటంతట అవే దిగుతాయండీ, అక్కడ ఫిల్టర్ సాక్ చెత్తను పట్టుకుంటుంది, ప్రొటీన్ స్కిమ్మర్ సన్నటి బుడగలు కొట్టి చేపల మురికిని కుళ్లకముందే గోధుమరంగు నురగ చేసి కప్పులోకి తోడేస్తుంది, గాజు అడ్డుగోడలు బుడగల్ని ఆపుతాయి, చివరి గదిలో మోటారు నీళ్లను మళ్లీ పైకి తోస్తుంది, హీటరూ స్కిమ్మరూ లాంటి వికారపు సామానంతా కింద దాక్కుంటుంది కాబట్టి చుట్టాలకు పైన సముద్రం మాత్రమే కనిపిస్తుంది అని. ఇంత చెప్పినా ఆయనకు "నీళ్లు కిందికి దిగుతాయి" అన్న ముక్క ఒక్కటే వినపడుతుంది. రెండో అంతస్తు ఫ్లాటు ఆయనదే.

"సొంతంగా చేసుకుంటే చవక" అనే సిద్ధాంతం గురించి ఎక్కువ మాట్లాడను. నమ్మినవాళ్ల ఇళ్లలో వాడని పీవీసీ ఎల్బోలు ఒక బకెట్ నిండా ఉంటాయి.

ప్రాక్టికల్స్ సిలికాన్‌తో మొదలవుతాయి. అన్నీ ఒకటేనంటూ షాపువాడు బాత్రూములకు వేసే యాంటీ ఫంగల్ రకం అంటగడతాడు. బూజును చంపడానికి అందులో కలిపిన మందుకు చేపల మీద ప్రత్యేకమైన జాలేమీ ఉండదు. ఆక్వేరియంకు పనికొచ్చేది తీసుకుంటే అది ఆరేదాకా ఇల్లంతా వినిగర్ వాసన కొడుతుంది, అత్తగారు ఆవకాయ జాడీల మూతలన్నీ తీసి చూస్తారు. వారం ఆగమంటే మనవాడు రెండో రోజే నీళ్లు పోస్తాడు. రికార్డులు రాత్రికి రాత్రి రాసిన అలవాటు ఎక్కడికి పోతుంది?

నీళ్ల సంగతి ఇంకా పవిత్రమైనది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకులో దాదాపు 255 లీటర్లు పడతాయి, లీటరుకు 35 గ్రాముల లెక్కన సుమారు 9 కిలోల ఉప్పు కావాలి. వంటింటి ఆర్‌వో నీళ్లు మనం తాగడానికి చాలు గానీ చేపలకు సరిపోవు, వాటికి టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల కొలత, సున్నా ఉండాలి. వైజాగ్‌లో బాల్కనీలోంచి బంగాళాఖాతం కనిపిస్తున్నా ఉప్పు బకెట్ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం పిచ్చి అనుకుంటాం కానీ, ఓడరేవు ఊళ్లో ఒడ్డున తోడిన నీళ్లు ట్యాంకులో పోయడం అంతకన్నా పిచ్చి. ఇక ఆవిరయ్యేది నీరే, ఉప్పు ఎటూ పోదు, తగ్గినంత ఉప్పు కలపని ఆ సున్నా టీడీఎస్ నీళ్లు పోస్తే చాలు అన్నది ఎనిమిదో తరగతి పిల్లలకూ తెలుసు. బీటెక్ వాళ్లు మాత్రం ఉప్పునీళ్లే పోస్తారు.

అసలు పరీక్ష కరెంటు పోయినప్పుడు. ఏ కాలేజీలోనూ ఇంత నిజాయితీగల స్క్వాడ్ ఉండదు, చెప్పి రాదు, టీ ఇచ్చినా వెళ్లదు. మోటారు ఆగగానే, నీళ్లను పైకి తోసిన పైపే సైఫన్‌గా మారి వాటిని కిందికి లాగడం మొదలుపెడుతుంది, పైపు మూతి గాల్లో తేలేదాకా ఆగదు. ఆ మూతి నీటిమట్టానికి రెండంగుళాలు కింద ఉందనుకోండి, మన ట్యాంకులో ఆ రెండంగుళాలంటే 28 లీటర్లు. సంపులో అంత చోటు ఖాళీగా ఉంచాలని తెలిసినవాడు పాస్. ఖాళీ ఉంటే చూడ్డానికి బాగోలేదని అంచు దాకా నింపినవాడికి అర్ధరాత్రి హాల్లో చెప్పులు తేలుతూ కనిపిస్తాయి. గాలి చొరబడి సైఫన్ తెగిపోయేలా నీటిమట్టం దగ్గర పైపుకు చిన్న రంధ్రం పెట్టాను కదా అంటాడొకడు. ఆ రంధ్రం మీద నత్త ఒకటి వచ్చి కూర్చుంటుంది. నీళ్లు వెనక్కి రాకుండా చెక్ వాల్వ్ పెట్టానంటాడు ఇంకొకడు. ఏడాది పాటు పాచి, సున్నం పట్టిన వాల్వ్ తనకు గుర్తొచ్చినప్పుడు మూసుకుంటుంది.

రెండో ప్రశ్న కరెంటు వచ్చాక. దిగే పైపులో ఏదైనా అడ్డుపడితే కింద మోటారుకు ఆ సంగతి తెలియదు, తన గదిలో నీళ్లున్నంతసేపు పైకి తోస్తూనే ఉంటుంది. అందుకే ఆ చివరి గది నీళ్లన్నీ పైకెక్కినా పొంగనంత జాగా పై ట్యాంకులో వదలాలి, అత్యవసరానికి దిగే పైపు రెండోది పెట్టాలి. ఇది కరెంటు వచ్చిందని అందరూ టీవీ ముందు కూర్చున్నాక అడిగే ప్రశ్న కాబట్టి ఎక్కువమంది ఇక్కడే పోతారు. వైవా రెండో అంతస్తులో, సీలింగు మరక కింద నిలబెట్టి నిర్వహిస్తారు.

పాసైనవాళ్లకు బహుమతిగా సముద్రంలోంచి పగడాలు తెచ్చిద్దామంటే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రీఫ్ పగడాలను పులితో పాటు మొదటి షెడ్యూల్లో పెట్టింది. కాబట్టి ఒక క్లౌన్ ఫిష్ జంటతో సరిపెట్టాలి, అదీ హేచరీలో పుట్టినది, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు తమిళనాడు మండపంలో ఉన్న ప్రాంతీయ కేంద్రం వాటిని ట్యాంకుల్లోనే పొదిగించింది. అసలు సముద్రం ఎలా ఉంటుందో ఆ చేపలూ చూడలేదు, మనవాడు కట్టినదానికి అవేం వంక పెడతాయి?